జోడి బండ దగ్గర నాలుగు ఉదయాలు

ఇరవై ఎనిమిదేళ్లకే ఉద్యోగ జ్ఞాపకాలు రాయడం తొందరే. కాని నేను రాస్తున్న ఉద్యోగం ముగిసిపోయింది. నేను కూర్చున్న గదిని కూల్చేశారు, ఆ జాగాలో ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. హౌస్ సర్జన్సీ ముగించి, పై చదువుకు సీటు వచ్చేలోగా ఇలాంటి కట్టడాల దగ్గర డాక్టర్లుగా కూర్చోబోయే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం రాస్తున్నాను. మీకు పనికొచ్చే విషయం ఇందులో ఒక్కటే ఉంది. దాన్ని ముందే చెప్పేస్తే మిగతాది చదవరు.

మాదాపూర్‌లో ఎనిమిది అంతస్తుల ఆఫీసు కడుతున్నారు. తూర్పు వైపు మాత్రమే అద్దాలు బిగించారు. మిగతా మూడు వైపులా కాంక్రీటు స్తంభాలు, వాటి మధ్య గాలి. చుట్టూ రాళ్ల గుట్టలు, తుమ్మచెట్లు. కింద రేకులతో వేసిన గది నాది. ఒక మంచం, ఒక బీరువా, సైటు ఆఫీసు నుంచి లాగిన టెలిఫోను, ఒక రిజిస్టరు.

రిజిస్టరు గురించి చెప్పాలి. నాకు లెక్కలంటే ప్రాణం; ఇంట్లో వాళ్లు పట్టుబట్టకపోతే ఇంజనీరింగులో చేరేవాణ్ని. అందుకే మెడిసిన్ చదివినా, గీతలు గీయడం మానలేదు. నా రిజిస్టర్లో పదకొండు గడులు. తేదీ, వేళ, పేరు, వయసు, పని, అంతస్తు, బాధ, ఎప్పటి నుంచి, పరీక్షలో తేలింది, మందు, ఫలితం. ఏ పేజీ తీసినా ఒక్క గడి ఖాళీ ఉండదు. భవనం చూడ్డానికి వచ్చిన పెద్దలకు మా మేనేజరు నా రిజిస్టరు కూడా చూపించేవాడు.

నాతో పాటు పనిచేసే సిస్టరు గారిది మెదక్ వైపు. ప్రభుత్వ దవాఖానలో పాతికేళ్లు చేసి రిటైరై వచ్చింది. నా రిజిస్టరును ఆవిడ ఎన్నడూ పొగడలేదు.

ఇక బండ. భవనానికి ముందు, భవిష్యత్తులో తోట రావలసిన చోట ఒక పెద్ద బండ ఉండేది. నిజానికి అవి రెండు, పక్కపక్కనే ఒకదానికొకటి ఆనుకుని. జోడి బండ అనేవాళ్లట. పునాదికి అడ్డమని ఒకదాన్ని పేల్చేశారు. రెండోది తోటకు అందమని ఆర్కిటెక్టు ఉంచమన్నాడు. నేను చేరేసరికి ఒక్కటే ఉంది. మూడు వైపులా నల్లగా, నాచుపట్టి ఉండేది. జతరాయి ఆనుకున్న నాలుగో వైపు మాత్రం తెల్లగా, తోలు ఒలిచినట్టు ఉండేది. పొగమంచు పట్టిన ఉదయాల్లో సైటులోకి వస్తుంటే ముందు బండ కనిపించేది కాదు, అద్దాల్లో దాని నీడ కనిపించేది. తర్వాత ఎక్కడి నుంచో బండ వచ్చేది.

దాని వెనక మగవాళ్లు మూత్రానికి వెళ్లేవాళ్లు. కడుక్కోవడానికి అక్కడో డ్రమ్ములో నీళ్లుండేవి.

"ఆ బండ దిక్కు పోకుండ్రి సార్," అన్నాడు జీపు డ్రైవరు, నేను చేరిన వారానికి.

"ఏం?"

"దాని జోడి పేల్చేసినరు. ఇగ అది మగోళ్ల జోడిల ఒకటి తీస్కుంటది."

"మగవాళ్లకు ఏం జోడి?"

అతను సిస్టరు వైపు చూసి గొంతు తగ్గించాడు. "బట్టలేస్కుంటే కనవడని జోడి సార్."

నేను నవ్వాను. సిస్టరు నవ్వలేదు. దూది చుడుతూనే, "మొన్న ఇనుప సలాకలు వంచెటాయనకు గట్లనే అయింది," అంది.

ఆ సలాకలాయనను నేను చూశాను. చేరిన మూడో రోజు వచ్చాడు. ఇరవై రెండేళ్లు, మహబూబ్‌నగర్ జిల్లా. కడుపు నొప్పన్నాడు, రెండుసార్లు వాంతి అయిందన్నాడు. కడుపు నొక్కి చూశాను, మెత్తగా ఉంది. నొప్పికి సూది వేశాను. మర్నాడు వచ్చి తగ్గిందన్నాడు. ఆ మాటే రాశాను. ఆ వారమే ఊరికి పోయాడు. ఇందులో బండకేం సంబంధమో నాకు అర్థం కాలేదు. కడుపు నొప్పి అన్నవాడికి నేను కడుపు చూశాను.

డిసెంబరులో ఒక సెక్యూరిటీ గార్డు నా గదికి రావడం మొదలైంది. ఇరవయ్యేళ్లు, అతనిదీ పాలమూరు వైపే. పుప్పాలగూడలో ఒక గది కిరాయికి తీసుకుని నలుగురు ఊరివాళ్లతో ఉండేవాడు, సైకిలు మీద రాత్రి డ్యూటీకి వచ్చేవాడు. మొదటిసారి ఉదయం తొమ్మిదింటికి వచ్చాడు. పొద్దున్నే కడుపులో ఎవరో చెయ్యిపెట్టి పిండినట్టయిందట. నేను మంచం మీద పడుకోబెట్టేసరికి ఏమీ లేదు.

"ఇప్పుడు లేదు సార్. పోయింది."

"ఎలా పోయింది? మెల్లగానా?"

"లేదు సార్. దీపం ఆర్పినట్టు."

కడుపు నొక్కి చూశాను. 'పరీక్షలో తేలింది' గడిలో నార్మల్ అని రాశాను. అయిదు రోజులకు మళ్లీ వచ్చాడు. అదే మాట, అదే దీపం. నార్మల్. మరో వారానికి మూడోసారి. ఈసారి వంగి నడుస్తూ వచ్చాడు, నా గడప దాటుతుండగానే నిటారుగా నిలబడ్డాడు. వాడి ముఖంలో ఆశ్చర్యం కనిపించింది. ఎవరో పట్టుకుని ఉన్నవాళ్లు, నన్ను చూసి వదిలిపెట్టినట్టు.

వాడు వెళ్లాక సిస్టరు అంది: "సారూ, ఆ పిలగాడు కడుపు పట్టుకుంటలేడు. తొడలు దూరం పెట్టి నడుస్తుండు. జర కిందికి చూడుండ్రి."

"కడుపు నొప్పి అని వాడే చెబుతున్నాడు కదండీ."

"మీకు గట్లనే చెప్తరు."

ఆ మధ్యాహ్నం ఆమె మాట పక్కనపెట్టి నేను చేయగలిగిన పని చేశాను, పట్టిక వేశాను. మూడు నొప్పులు. నిలువు వరుసల్లో వేళ, చోటు, చలి, ముందు తిన్నది, అప్పుడు చేస్తున్న పని. తిన్నది మూడుసార్లూ వేరు. చలి మూడుసార్లూ ఎక్కువ. వేళ మూడుసార్లూ తెల్లవారుజాము. చోటు అడగడానికి, సాయంత్రం వాడు డ్యూటీ ఎక్కాక గేటు దాకా నడిచి వెళ్లాను. వాడు చూపు అటు తిప్పాడు. మూడుసార్లూ బండ వెనకే.

గదికి వచ్చి ఆ గడి నింపాను. నేను గీసిన గీతల మధ్య, నా చేతిరాతలో, డ్రైవరు చెప్పిన మాటే వచ్చి కూర్చుంది. కాగితం చింపి జేబులో పెట్టుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి పోతూ బండ పక్క నుంచి పోకుండా దూరంగా నడిచాను. ఎందుకని ఎవరూ అడగలేదు, కాబట్టి జవాబు వెతుక్కోలేదు.

నాలుగో ఉదయం పొగమంచు తొమ్మిదయినా విడలేదు. ఆ రోజు ఎవరో చాలా పెద్దమనిషి ఈ వైపు వస్తున్నాడని ఊళ్లోకి వెళ్లే రోడ్డంతా పోలీసులు ఆపేశారు. నేను నడిచి వచ్చాను. గదిలో మంచం మీద గార్డు ఉన్నాడు, యూనిఫాంలోనే, మోకాళ్లు ముడుచుకుని. సిస్టరు వాడి నుదురు తుడుస్తోంది. కింద బకెట్లో వాంతి.

"ఎప్పటి నుంచి?"

"నాలుగింటికి షురూ అయింది సార్. ఇప్పుడు జర నయమే. తగ్గుతాంది."

మంచిదే అనుకున్నాను. రిజిస్టరు తెరిచాను. తేదీ, వేళ, పేరు. బాధ: కడుపు నొప్పి. పెన్ను తొమ్మిదో గడి మీదికి వెళ్లింది.

"సారూ," అంది సిస్టరు. గొంతు పెంచలేదు. "మూడుసార్లు చూడకుండనే రాసిండ్రు. ఈసారన్న చూసి రాయుండ్రి."

పెన్ను మూత పెట్టాను. బెల్టు విప్పమన్నాను. వాడు రెండు చేతులతో బెల్టు పట్టుకున్నాడు.

"సిస్టరమ్మను బయటికి పొమ్మనుండ్రి సార్."

"నీ అసుంటోళ్లను ముగ్గురిని కన్న," అంది ఆవిడ. "నువ్వే కండ్లు మూస్కో."

చూశాను. కుడి వృషణం ఉండవలసిన చోటుకంటే పైకెక్కి, అడ్డంగా పడుకుని ఉంది. వాచి, ఎర్రబడి ఉంది. ఎడమవైపు చేత్తో వెతికాను. సంచిలో ఏమీ లేదు. మళ్లీ వెతికాను. శనగగింజంత గట్టి ముక్క వేలికి తగిలింది, అంతే. బయట పొగమంచులో బండ ఉన్న దిక్కు నాకు చూడకుండానే తెలుస్తోంది.

"ఇంకోటి ఏది?"

"చిన్నప్పుడే పోయింది సార్. పన్నెండేండ్లప్పుడు. గిట్లనే నొప్పిలేసింది. ఆకుపసరు కట్టినరు. రెండు దినాలకు నొప్పి తగ్గింది. తర్వాత ఎండిపోయింది."

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"మాఘంల లగ్గం ఉంది సార్. నా రూముల ఉన్నోళ్లంత మా ఊరోళ్లే. ఒక్కనికి ఎరుకైతే పిల్ల తరపోళ్లకు ఎరుకైతది. ఇదొక్కటే ఉన్నది నాకు."

పదకొండు గడులు గీసినవాణ్ని. మూడుసార్లు వచ్చిన మనిషిలో రెండు ఉన్నాయో లేదో లెక్కపెట్టలేదు.

లోతొడ మీద గోటితో గీస్తే ఆ వైపుది తనంతట తాను పైకి లాక్కోవాలి. గీశాను. కదలలేదు. మళ్లీ గీశాను. బతికి ఉన్న మనిషి ఒంట్లో ఆ ఒక్కచోట ఎవరూ లేనట్టుంది. జ్వరం లేదు, మూత్రంలో మంట లేదు, నొప్పి మెల్లగా పెరగలేదు. కాబట్టి చీము పట్టడం కాదు. వృషణం తన తాడు మీద తనే మెలితిరిగింది, రక్తం ఆగిపోయింది. ముందు మూడుసార్లు తిరిగి, దానంతటదే విడింది. దీపం ఆర్పినట్టు పోయిన నొప్పి అదే. ఈసారి విడలేదు. ఇప్పుడు నెమ్మదిగా తగ్గుతున్న నొప్పి నయమవుతున్న నొప్పి కాదు, నొప్పి తెలిసే శక్తి చచ్చిపోతోంది. ఆరుగంటల లోపు రక్తం అందితే చాలావరకు దక్కుతుందని చదివాం. అయిదు గంటలు దాటాయి.

పెద్దాసుపత్రిలో నాకు సర్జరీ నేర్పిన ప్రొఫెసరు గారికి ఫోను చేశాను. అదృష్టం, దొరికారు. అంతా చెప్పాను.

"స్కానింగు చేయిద్దామా సార్?"

"దేనికి? నీకు అనుమానముందా?"

"లేదు సార్."

"ఎంతసేపట్లో తేగలవు?"

"రోడ్లు ఆపేశారండి. గంటన్నర పైనే."

"అయితే నువ్వే తిప్పు. కాళ్ల దగ్గర నిలబడు. పుస్తకం అట్ట తెరిచినట్టు, లోపల్నుంచి బయటికి. నొప్పి ఇంజెక్షన్ ఇచ్చావా?"

"ఇవ్వలేదు."

"ఇవ్వకు. ఎటు తిప్పాలో వాడి నొప్పే నీకు చెప్పాలి."

నేను అంతకు ముందు ఆ పని చేయలేదు, ఎవరైనా చేస్తుంటే చూడలేదు. సిస్టరు రిసీవరు నా చెవికి ఆనించి పట్టుకుంది. గార్డు పళ్ల మధ్య తువ్వాలు పెట్టుకున్నాడు. రెండు వేళ్లతో పట్టుకుని బయటికి సగం చుట్టు తిప్పాను. వాడి నడుము మంచం మీద నుంచి లేచింది. తువ్వాలు వెనక నుంచి వచ్చిన శబ్దం మనిషిది కాదనిపించింది.

"సార్, ఎక్కువైంది."

"ఎక్కువైందా? అయితే విను," అన్నారు. తర్వాత ఫోన్లో ఏమీ లేదు. గరగర కూడా లేదు.

"లైను పోయింది," అంది సిస్టరు.

ఆ గదిలో ఆ క్షణం ఎంతసేపు నిలిచిందో నేను ఏ గడిలోనూ రాయలేను. ఎక్కువ మందిలో లోపలికి మెలిపడుతుంది, అందుకే బయటికి విప్పాలి. కొందరిలో అలా కాదు. వీడు ఆ కొందరిలో ఒకడా, లేక నేనే చేతకాక నొప్పి పెడుతున్నానా? తప్పు దిక్కుకు తిప్పితే ఉన్న మెలికకు ఇంకో మెలిక వేస్తాను. ఉన్నదొక్కటే.

సిస్టరు రిసీవరు పెట్టేసి వాడి భుజాలు పట్టుకుంది. "వాని మొఖం నేను చూస్త. మీరు చెయ్యి చూస్కోండ్రి."

వేళ్లు వెనక్కి తెచ్చి, లోపలికి తిప్పాను.

"జర నయం," అంది ఆవిడ, వాడి ముఖం చూస్తూ.

ఒక చుట్టు. "ఇంక నయం." ఒకటిన్నర. నా వేళ్ల మధ్య ఏదో, తాళంలో నాలుక జారినట్టు, మెత్తగా జారింది. అది నా చేతిలోంచి కిందికి, తన చోటికి దిగింది. వాడి ఒళ్లంతా మంచం మీద పరుచుకుంది. పైన ఏదో అంతస్తులో సుత్తి దెబ్బలు వినిపించాయి. అంతకుముందు కూడా ఉండే ఉంటాయి.

వాడు తువ్వాలు తీసి, "లేదు సార్," అన్నాడు. "నొప్పి లేదు."

గడియారం చూశాను. పదికి పది నిమిషాలు తక్కువ.

కథ ఇక్కడ ముగిసిందని వాడు అనుకున్నాడు. లేచి ప్యాంటు వేసుకుంటున్నాడు.

"ఎక్కడికి?"

"రూముకు సార్. డ్యూటీ అయిపోయింది కద."

"ఆసుపత్రికి వెళ్లాలి. కోసి చూడాలి, మళ్లీ తిరగకుండా కుట్లు వేయాలి."

"తగ్గింది కద సార్. పెద్ద దవాఖానకు పోతే అందరికి ఎరుకయితది."

"మూడుసార్లు తగ్గింది. నాలుగోసారి ఇంతదాకా వచ్చింది. అయిదోసారి నేనుంటానో లేదో."

సిస్టరు వాడి బూట్లు తెచ్చి ముందు పెట్టింది. "మాఘంల లగ్గం కావాల్నా, మాట దాచుడు కావాల్నా, రెండింట్ల ఒకటి చెప్పు బిడ్డా."

వాడు నా బల్ల మీది రిజిస్టరు వైపు చూశాడు. "అండ్ల నా పేరు ఉండొద్దు సార్."

ఆ ఉదయం రాసిన పేరును బ్లేడుతో గీకేశాను. నా రిజిస్టర్లో ఖాళీ గడి అదొక్కటే.

డ్రైవరు జీపును కొండాపూర్ మీదుగా తిప్పి, మదీనాగూడ దగ్గర ముంబయి రోడ్డు ఎక్కించాడు. చుట్టుదారే, కాని ఆపేవాళ్లు లేరు. దారంతా అద్దంలో గార్డును చూస్తూ వచ్చాడు. కూకట్‌పల్లి దాటాక మాత్రం అడిగాడు: "ఇడిసిపెట్టిందా సార్?"

ఏది అని నేను అడగలేదు. "ఇంకా తెలీదు," అన్నాను.

ప్రొఫెసరు గారు నన్ను థియేటర్లోకి రానిచ్చారు. కోసి బయటికి తీసినప్పుడు అది నేరేడుపండు రంగులో ఉంది. తాడు మీద మెలిక ఇంకా అరచుట్టు మిగిలి ఉంది. నా చేతికి అంతవరకే తెలిసింది. ఆయన దాన్ని విప్పి, వేడి సెలైనులో ముంచిన గుడ్డ చుట్టి, చేతులు కట్టుకున్నారు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు చూడ్డమే."

అయిదు నిమిషాలకు గుడ్డ తీశారు. అదే నేరేడు రంగు. మళ్లీ చుట్టారు. మాఘమాసానికి ఎన్ని వారాలున్నాయో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. లెక్క మధ్యలో తప్పుతోంది. రెండోసారి తీసినప్పుడు ఒక అంచున, గోరంత మేర, రంగు మారినట్టనిపించింది. నా కళ్లను నేను నమ్మలేదు. మేం చూస్తుండగానే ఆ అంచు వెడల్పయింది. నలుపులోకి ఎరుపు పాకింది, చీకటిగదిలోకి ఎవరో నడిచి వచ్చినట్టు.

"ఉంచుదాం," అన్నారాయన, సూది అందుకుంటూ. మూడు కుట్లు వేసి దాన్ని దాని చోట కట్టేశారు.

చేతులు కడుక్కుంటూ, ముందు మూడు నొప్పులు ఎలా వచ్చాయని అడిగారు. బండ సంగతి కూడా చెప్పేశాను, జేబులోని పట్టికతో సహా. ఆయన కాగితం తడి చేతులతో పట్టుకుని చదివారు.

"పొద్దున్నే, చలిలో, డ్రమ్ములో నీళ్లతో కడుక్కుంటాడు. చల్లనీళ్లు తగలగానే కండరం ఒక్కసారిగా పైకి లాగుతుంది. పుట్టుకతోనే వృషణం సంచికి సరిగ్గా అంటుకోనివాడికి అది చాలు, తిరుగుతుంది. మీ డ్రైవరు చూసింది నిజమేనయ్యా. చెప్పిన కారణమే వేరు." కాగితం తిరిగి ఇచ్చారు. "గీతలు మాత్రం బాగా కొట్టావు. మనిషి బట్టలు విప్పడానికే గడి లేదు."

మీకు పనికొచ్చే విషయం ఇదే. కుర్రవాడు ఎవరైనా హఠాత్తుగా కడుపు నొప్పి, వాంతి అంటే, బెల్టు కింద కూడా చూడండి. చూడకుండా నార్మల్ అని రాయకండి. అనుమానం గట్టిగా ఉంటే స్కానింగు కోసం ఆగకండి. నొప్పి తగ్గిందంటే, ఎలా తగ్గిందో అడగండి.

డ్రమ్మును బండ దగ్గర నుంచి తీయించి, గేటు గదిలో వేడినీళ్ల ఏర్పాటు చేయించాను. మాఘంలో పెళ్లి జరిగింది. పసుపు బట్టలతోనే డ్యూటీకి వచ్చి నాకు లడ్డూలిచ్చాడు. నేను ఉద్యోగం వదిలే ముందు రోజు ఉదయం మళ్లీ కనిపించాడు. బండ దగ్గరికి రాకుండా, చాలా దూరం నుంచి చుట్టు తిరిగి నడిచొస్తున్నాడు.

"కుట్లు వేశారు కదయ్యా. ఇంక తిరగదు."

"ఎరుకే సార్. అయినా ఎందుకు పోవాలె?" అన్నాడు. మళ్లీ తనే, "మరి ఆ సలాకలాయన సంగతేంది సార్? ఆయనకు రెండున్నయా, ఒకటి పోయిందా?" అన్నాడు.

గదికి వెళ్లి మొదటి పేజీ తీశాను. మూడో రోజు, ఆరో వరుస. పేరుంది, ఊరు లేదు. ఊరికి నేను గడి గీయలేదు. మేస్త్రీని అడిగితే, సలాకల పని ముఠా ఎప్పుడో వేరే రాష్ట్రానికి పోయిందన్నాడు. పరీక్షలో తేలింది: నార్మల్. అది అబద్ధం, ఆ రోజే ఎర్రసిరాతో కొట్టేశాను. పక్కన ఫలితం గడిలో నా గుండ్రని చేతిరాత ఉంది: మర్నాటికి నొప్పి తగ్గింది. ఆ మాట నిజమే. అందుకే దాన్ని కొట్టేయలేకపోయాను.